జిడ్డు లేని చేతులు

రోస్‌విత చేతులు కడుక్కుంది కాని తువ్వాలుతో తుడుచుకోలేదు. తువ్వాలులో ఏ జిడ్డు దాక్కుని ఉందో ఎవరు చెప్పగలరు? వంటింటి మధ్యలో నిలబడి, మోచేతులు మడిచి, అరచేతులు ఎదురుగా పెట్టుకుని గాలికి ఆరనిచ్చింది. ఎవరైనా చూస్తే ప్రార్థన చేస్తోందనుకుంటారు. బల్ల మీద కాఫీ చల్లారుతోంది. పక్కన వెన్న రాయని రొట్టె ముక్క.

అరవై దాటిన చేతులవి. కణుపులు ఉబ్బి ఉన్నాయి. గోళ్లు మాంసం దాకా కత్తిరించి ఉన్నాయి. బొటనవేళ్ల పక్కన చర్మం చీలి, చీలికల్లో ఎర్రటి గీతలు కనబడుతున్నాయి. రెండేళ్లుగా పూటపూటా బంతిపూల మలాం తగిలి మెత్తబడిన చేతులు, శుక్రవారం సాయంత్రం నుంచి ఫ్యాక్టరీ సబ్బు తప్ప ఇంకేమీ ఎరగక ఇలా తయారయ్యాయి.

"ముసలీ," అని పడకగదిలోంచి పిలుపు వచ్చింది.

"వస్తున్నా ముసలోడా."

వెళ్లింది కాని గుమ్మం దాటలేదు. హార్ట్‌మూట్ ఎడమ పక్కకి ఒత్తిగిల్లి పడుకుని ఉన్నాడు. పక్షవాతం వచ్చినప్పటి నుంచి కుడి చేయీ కుడి కాలూ అతనివి కానట్టే పక్కలో పడి ఉంటాయి. నోరు కూడా కుడి వైపు కొంచెం జారింది. మాట మాత్రం రోస్‌వితకు స్పష్టంగానే అర్థమవుతుంది. అతని తల దగ్గర స్టూలు మీద రేకు డబ్బా ఉంది. ఏటా జులైలో పెరట్లోని బంతిపూలు కోసి, పంది కొవ్వులో సన్నటి సెగ మీద కాచి, గుడ్డలో వడగట్టి ఆమె అందులో పోసిపెడుతుంది. పొద్దునా సాయంత్రం అతని మడమలకీ, నడుముకీ, మోచేతులకీ రాస్తుంది. పడుకుని పడుకుని ఒరుసుకుపోయిన చర్మం పుండు పడకుండా ఇన్నాళ్లూ కాపాడింది ఆ మలామే.

"ఇవాళ కూడా లేదా?" అన్నాడు.

"సాయంత్రం. ఫ్యాక్టరీలో పరీక్ష ఇవాళే. అయిపోగానే వచ్చి నాలుగు రోజులదీ కలిపి రాస్తా."

"మీ ఫోర్‌మన్ వెంట్సెల్‌ని పిలుచుకురా. వాడే రాస్తాడు."

"రాస్తాడు. ముందు నిన్ను స్పిరిట్‌లో ముంచి తుడుస్తాడు."

అతను నవ్వాడు. సగం మొహమే నవ్వింది. తరవాత, "మడమ మండుతోందే," అన్నాడు.

"పది గంటలకి పక్కింటి హన్నెలోర వస్తుంది. ఆవిడ చేత రాయించుకో."

"అవి చేపల్లాంటి చల్లటి చేతులు."

"నర్సు చేత?"

"రబ్బరు తొడుక్కుని వస్తుంది. నేనేం గాజుని కాను, తొడుగులేసుకుని ముట్టుకోడానికి."

ఈ మాట అతను నర్సు మొదటిసారి వచ్చిన రోజే అన్నాడు. అప్పుడు రోస్‌వితకు నవ్వు వచ్చింది, కొంచెం గర్వంగా కూడా అనిపించింది. ఇవాళ విసుగు వచ్చింది.

"రాయించుకోకపోతే అది నీ మొండితనం. నా మీద పెట్టకు."

అనుకున్నదాని కంటే గట్టిగా పడింది ఆ మాట. అతను ఎడమ చేయి దుప్పటిలోంచి తీసి ఆమె వైపు చాచాడు. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది, బడిలో తప్పు చేసిన పిల్లలాగా. దగ్గరికి వెళ్లి నుదుటి మీద ముద్దు పెడదామని వంగి, మధ్యలోనే ఆగింది. నుదుటి నుంచి పెదవులకి, పెదవుల నుంచి వేళ్లకి అంటుకుంటుంది. శుక్రవారం వెంట్సెల్ అంతా విడమరిచి చెప్పాడు.

"సాయంత్రం," అంది మళ్లీ.

అతను చేయి లోపలికి లాక్కున్నాడు. ఆమె కోటు తొడుక్కుని బయటపడింది.

పలకరాతి గోడల ఇళ్ల మధ్య నుంచి దారి వాగు దాకా దిగుతుంది. రాత్రి పడ్డ మంచు కరిగి బురద అయింది. కొండ మీద స్ప్రూస్ చెట్లు నల్లగా నిలబడి ఉన్నాయి. చర్చి ముందు నుంచి వెళ్తూ రోస్‌విత అలవాటుగా తల వంచింది. నిన్న మృతుల ఆదివారం. ఏడాదిలో పోయినవాళ్ల పేర్లు పాస్టరుగారు ఒక్కొక్కటీ చదివారు. పేరు పేరుకీ గంట ఒకసారి మోగింది. వచ్చే ఏడు ఈ వరసలో హార్ట్‌మూట్ పేరు లేకుండా చూడమని ఆమె లోపల అడుక్కుంది. అడిగాక, గంట మోగాల్సినన్నిసార్లు మోగాల్సిందే కనక ఇంకొకరి పేరు చదివించమని అడిగినట్టు అయిందేమో అనిపించి మధ్యలో ఆపేసింది. దేవుడి దగ్గర లెక్కలు అలా ఉండవని పాస్టరుగారు చెబుతారు. ఎలా ఉంటాయో ఆయన కూడా చెప్పలేదు.

తండ్రి పోయిన రోజు గుర్తొచ్చింది. అమ్మ ఏడవడానికి ముందు పడకగది కిటికీ రెండు రెక్కలూ బార్లా తెరిచి, గోడ గడియారం ఆపింది. ఈ కొండల్లో అందరూ చేసేది అదే. లోపలున్నది వెళ్లిపోవడానికి దారి కావాలి కదా.

ఫ్యాక్టరీ వాగు అవతల ఉంది. చిన్నది. చల్లబరిచే యంత్రాల గొట్టాల్లో ద్రవం కదులుతోందో లేదో చూడటానికి పెట్టే గుండ్రటి గాజు కిటికీలు అక్కడ తయారవుతాయి. నాణెమంత గాజు బిళ్ల, దాని చుట్టూ అల్యూమినియం వలయం. ఆ రెండింటినీ అతికేది రోస్‌విత. మెషీను ఒక్కటే, మనిషీ ఒక్కతే. మిగతా ఆడవాళ్లు వలయాలు సర్దుతారు, రబ్బరు తొడుగుతారు, పెట్టెల్లో పెడతారు.

జుట్టుకి వల కట్టుకుని, తెల్ల కోటు తొడుక్కుని, మళ్లీ చేతులు కడుక్కుంది. ప్రతి వేలికీ పల్చటి రబ్బరు తొడుగు వేసుకుంది. సొరుగులోంచి తెల్లటి గుడ్డ తీసి, స్పిరిట్‌లో తడిపి, గాజు బిళ్ల రెండు వైపులా తుడిచింది. బిళ్లను నోటి దగ్గర పెట్టుకుని మెల్లగా ఆవిరి ఊదింది. ఆవిరి సమంగా పరుచుకుని సమంగా ఆరిపోతే గాజు శుభ్రం. మచ్చలు మచ్చలుగా నిలిస్తే ఎక్కడో జిడ్డు ఉన్నట్టు.

మచ్చలు నిలిచాయి.

మళ్లీ తుడిచింది. మళ్లీ ఊదింది. ఈసారి కొంచెం నయమనిపించింది. నయమని అనుకోవాలనిపించిందేమో కూడా. బిళ్లను మెషీను గుంటలో పెట్టి, మీద వలయం పెట్టి, రెండు చేతులతో రెండు మీటలూ నొక్కింది. పై నుంచి ఉక్కు కొమ్ము దిగి వలయాన్ని అదిమింది. సన్నటి కీచు వినిపించింది, దోమ చెవి దగ్గరికి వచ్చి పోయినట్టు. అంతే, కొమ్ము పైకి లేచింది. నిప్పు లేదు, జిగురు లేదు. మనిషి చెవికి అందనంత సన్నటి ధ్వనితో కొమ్ము వణుకుతుంది. ఆ వణుకుకి లోహం గాజును రుద్దుతుంది. రుద్దగా రుద్దగా లోహం మీది పొర ఊడిపోయి లోపలి లోహం గాజును పట్టుకుంటుంది. ఇదంతా రెప్పపాటులో జరుగుతుంది. ముట్టుకుంటే గాజు చల్లగానే ఉంటుంది.

హార్ట్‌మూట్ దీన్ని ఎప్పుడూ నమ్మలేదు. అతను దీపం మంట ముందు కూర్చుని థర్మామీటర్లు ఊదినవాడు. పాత గాజు ఫ్యాక్టరీ మూసేసే దాకా అదే పని. గాజులోకి తీగ దింపాలంటే రెండూ ఎర్రగా కాలి ఒకదాన్నొకటి ఒప్పుకోవాలి అనేవాడు. ఆమె ఈ మెషీను మీద చేరిన కొత్తలో ఒక బిళ్ల ఇంటికి తీసుకెళ్లి చూపించింది. దీపం ముందు తిప్పి తిప్పి చూశాడు.

"కాలనిది కలవదే ముసలీ."

"రుద్దితే కలుస్తుంది."

"నీకు చెప్పారు, నువ్వు నమ్మావు," అన్నాడు. బిళ్లను మాత్రం వెనక్కి ఇవ్వలేదు. చాలాకాలం జేబులో పెట్టుకు తిరిగాడు.

ఈ నెల మొదటి నుంచీ అతుకు నిలవడం లేదు. అతికిన బిళ్లల్లోంచి కొన్ని తీసి లాగుడు మెషీనుకి తగిలించి చూస్తారు. గాజును ఒక పక్క పట్టుకుని వలయాన్ని రెండో పక్కకి లాగుతుంది అది. మంచి అతుకైతే విడిపోదు, గాజే పగులుతుంది. వలయానికి గాజు పెచ్చులు అంటుకుని వస్తాయి. చెడ్డ అతుకైతే వలయం జారిపోతుంది, గాజు తళతళా మెరుస్తూ నిలుస్తుంది. ఈ నెలలో చాలావరకు జారిపోయాయి. కొన్నవాళ్లు సరుకు వెనక్కి పంపారు.

శుక్రవారం ఫోర్‌మన్ వెంట్సెల్ అందరి ముందూ రోస్‌విత తుడిచిన బిళ్ల మీద ఊది చూపించాడు. వెంట్సెల్‌కి నలభై ఉంటాయి. నెమ్మదిగా మాట్లాడతాడు. కేకలేయడు.

"ఇదీ మీ మలాం," అన్నాడు మచ్చలు చూపిస్తూ. "చీలికల్లోకి దిగిపోతుంది. ఎంత కడిగినా పోదు. తొడుగు వేసుకునేటప్పుడు పైకి అంటుతుంది. ఇది ఎవరి తప్పూ అనను. కాని మెషీను మీద ఉండాలంటే అది ఇంట్లో ఉండకూడదు."

"ఇంట్లో మనిషి ఉన్నాడండి."

"సోమవారం దాకా ఆయన్ని ముట్టుకోకండి. సోమవారం మధ్యాహ్నం లాగి చూద్దాం. నిలిస్తే మీరిక్కడ. జారితే నేనేం చేయలేను, వేరే పని కూడా లేదు."

పని పోతే ఇల్లు నిలవదని రోస్‌వితకు తెలుసు. ఇల్లు నిలవకపోతే హార్ట్‌మూట్‌ని ఎర్ఫుర్ట్‌లో మంచాన పడ్డవాళ్లను ఉంచే చోటుకి పంపాలి. అక్కడికి పంపనని అతని ఎడమ చేయి పట్టుకుని మాట ఇచ్చింది. మంచాలు వరసగా ఉంటాయట, అందరినీ రబ్బరు తొడుగులతోనే తిప్పుతారట. అందుకే ఇంటికి వెళ్లి, వంటింటి తొడుగులు వేసుకుని అతనికి అన్నం పెట్టింది. తొడుగులతోనే పక్క మార్చింది. మలాం రాయడానికి మాత్రం ఆ తొడుగులను అతను దగ్గరికి రానివ్వలేదు. శని, ఆదివారాలు రెండూ అలాగే గడిచాయి.

తొమ్మిదింటికి ఫలహారానికి అందరూ పొడవాటి బల్ల చుట్టూ చేరారు. మార్‌గిట్ పచ్చి కైమా రాసిన రొట్టె మీద ఉల్లిపాయ ముక్కలు చల్లుకుంటోంది. పెద్ద మనిషి, పెద్ద గొంతు, పొలంలో పనిచేస్తున్నట్టు ఎప్పుడూ చేతులు కదులుతూనే ఉంటాయి. రబ్బర్లు తొడిగే బల్ల ఆమెది. రోస్‌విత మూల వెచ్చగా ఉంటుందనీ, అక్కడ కూర్చోడానికి కుర్చీ ఉంటుందనీ ఈ మధ్య తరచూ అంటోంది.

రోస్‌విత ఎండు రొట్టె విప్పింది.

"ఇదేంటి, వెన్న కూడా మానేశావా?" అంది మార్‌గిట్.

"ఇవాళొక్క రోజే."

"జైలు తిండి తింటోంది పాపం. ఇదిగో రోసీ, నా రొట్టె వైపు చూడకు, చూసినా జిడ్డు అంటుకుంటుంది."

నలుగురూ నవ్వారు. రోస్‌విత కూడా కొంచెం నవ్వింది.

"నేను చెప్తే కోప్పడతావు గాని," అంది మార్‌గిట్, "మొన్న మీ ఇంటి ముందు నుంచి వెళ్తుంటే పంది కొవ్వు వాసన గుప్పుమంది. రోసీ మాంసం వేయిస్తోంది కాబోలు అనుకున్నా. తీరా చూస్తే మొగుణ్ణి."

ఈసారి నవ్వు పెద్దగా వచ్చింది. ఒకామె మాత్రం కాఫీలోకి చూస్తూ ఉండిపోయింది. రోస్‌విత రొట్టె బల్ల మీద పెట్టేసింది.

"ఆయనకి పుండు పడుతుంది మార్‌గిట్, రాయకపోతే."

"పడితే డాక్టర్లు లేరా? మా అత్తని మేం ఎర్ఫుర్ట్‌లోనే పెట్టాంగా. సుబ్బరంగా చూసుకున్నారు. ఆర్నెల్లలో పోయింది, ఒక్క పుండు లేదు ఒంటి మీద."

గంట మోగింది. రోస్‌విత రొట్టె కాగితంలో చుట్టి, చేతులు కడుక్కోడానికి వెళ్లింది.

మధ్యాహ్నం భోజనాల వేళ అయింది. అందరూ ఒకరినొకరు పలకరించుకుంటూ లేస్తున్నారు. వెంట్సెల్ ట్రేలోంచి తనకి నచ్చిన బిళ్లలు ఏరి లాగుడు మెషీను దగ్గరికి తీసుకెళ్లాడు. వెళ్లేవాళ్లు ఆగారు. రోస్‌విత చేతులు కోటు జేబుల్లో పెట్టుకుంది. నిలబెట్టు, అంది లోపల. ఎవరితో అంటోందో ఆమెకు తెలుసు. ఇంత చిన్న గాజు ముక్క గురించి ఆయన్ని అడగవచ్చో లేదో తెలియలేదు.

మొదటిది జారింది. చప్పుడు కూడా రాలేదు. వలయం ఒక పక్క, గాజు ఒక పక్క. గాజు మీద గీత కూడా లేదు.

రెండోదీ జారింది. మూడోది పెట్టబోయి వెంట్సెల్ చేయి దించాడు.

"ముట్టుకోలేదన్నారు."

"ముట్టుకోలేదండి."

"మరి?"

రోస్‌విత ఆలోచించింది. తప్పు ఎక్కడుందో వెతకాలంటే తన దగ్గరే వెతకడం ఆమె అలవాటు. "నిన్న రాత్రి దుప్పటి జారితే పైకి లాగాను," అంది. "తొడుగు వేసుకోవడం మర్చిపోయాను."

"చూశారా," అంది మార్‌గిట్ వెనక నుంచి.

వెంట్సెల్ తల ఊపాడు. అతని మొహంలో కోపం లేదు. చిక్కు విడిపోయిన తృప్తి ఉంది. "ఈ ట్రే పూర్తి చేయండి. రేపు ఆఫీసులో కలవండి," అన్నాడు.

ఆమె భోజనానికి వెళ్లలేదు. మెషీను ముందు కూర్చుంది. దుప్పటి ఒక్కసారి లాగినందుకు. నాలుగు రోజులు అతన్ని అలా పడేసి, ఒక్క దుప్పటి లాగినందుకు. ఈ ట్రే జారినా నిలిచినా ఇక ఒకటే అనుకుంటూనే, చేయి అలవాటు కొద్దీ సొరుగులోకి వెళ్లింది. గుడ్డలు అయిపోయాయి.

లేచి వెళ్లి అడిగింది. వెంట్సెల్ నోట్లో ఉన్నది నములుతూనే సామాను గదిలోంచి కొత్త కట్ట తెచ్చి బల్ల మీద పడేశాడు. కొత్త గుడ్డలు గరుకుగా ఉన్నాయి, అట్టల్లాగా. ఒకటి స్పిరిట్‌లో తడిపి తుడిచింది. ఊదింది. ఆవిరి పల్చటి పాల మీగడలాగా గాజంతా సమంగా పరుచుకుని, అంచుల నుంచి మధ్యకి మెల్లగా ఆరిపోయింది.

ఇంకొకటి తుడిచింది. అదీ అంతే. కాసేపు ఆ బిళ్లనే చూస్తూ కూర్చుంది. తరవాత అతికి, నాలుగు బిళ్లలు పట్టుకుని వెంట్సెల్ దగ్గరికి వెళ్లింది.

"ఇవి లాగి చూస్తారా?"

"ఇంకా దేనికండి?" అన్నాడు. అయినా లేచాడు.

మొదటిది టప్పుమని పగిలింది. వలయం చుట్టూ గాజు పెచ్చులు పళ్లలాగా అంటుకుని వచ్చాయి. మిగతా మూడూ అలాగే పగిలాయి. వెంట్సెల్ పెచ్చుల మీద వేలు పెట్టి చూశాడు. ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. చెత్తబుట్టలోంచి పొద్దుటి గుడ్డ ఒకటి తీసి, తనే ఒక బిళ్ల తుడిచి ఊదాడు. మచ్చలు. గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"పూల వాసన వస్తోంది," అన్నాడు. "వీటిని ఉతికే వంతు ఈ నెల ఎవరిది?"

మెట్లు తుడిచే వంతులాగానే గుడ్డలు ఉతికే వంతు కూడా నెలకొకరిది. వేణ్ణీళ్లలో తప్ప ఇంక దేంట్లోనూ ఉతకకూడదని వాళ్లందరికీ చెప్పిందే.

"నాదే," అంది మార్‌గిట్. "ఏం?"

"ఏం వేసి ఉతికారు?"

"ఏమేస్తాను? గరుకుగా చేతులు గీరుకుపోతున్నాయని ఆఖర్న కొంచెం మెత్తబరిచే నీళ్లు పోశా. మా ఇంట్లో దుప్పట్లకి పోసేదే. వాసన కూడా బాగుంటుంది కదా అని." అందరూ తన వైపే తిరగడం చూసి, "మంచికే చేశాగా," అంది. వెంటనే నవ్వు వచ్చింది ఆమెకి. పొట్ట పట్టుకుని నవ్వింది. "అయ్యో దేవుడా. నెల రోజుల్నుంచి రోసీ మొగుణ్ణి ఆడిపోసుకుంటున్నాం."

నవ్వు బల్ల బల్లకీ పాకింది. వెంట్సెల్ కూడా పెదవులు బిగించి నవ్వు ఆపుకున్నాడు.

"జిడ్డు దానిదే. ఆ సీసా ఇక మీ ఇంట్లోనే ఉంచుకోండి," అన్నాడు మార్‌గిట్‌తో. రోస్‌విత వైపు తిరిగాడు. "తేలింది కదా. మీరు మెషీను మీదే ఉండండి." గోడ గడియారం చూశాడు. "వెనక్కొచ్చిన సరుకంతా మళ్లీ చేయాలి. ఇవాళ ఒక గంట ఎక్కువ కూర్చోండి."

"ఇవాళ తొందరగా వెళ్దామనుకున్నానండి."

"రేపు వెళ్దురు. ఇవాళ చేయి కుదిరింది కదా, పోనివ్వకండి."

మార్‌గిట్ వెళ్తూ వెళ్తూ ఆమె భుజం మీద చేయి వేసింది. "కోపం లేదుగా?"

"లేదు," అంది రోస్‌విత.

నిజంగానే లేదు. సాయంత్రం దాకా చేతులు వాటంతటవే పనిచేశాయి. తుడవడం, ఊదడం, నొక్కడం. కొమ్ము దిగిన ప్రతిసారీ ఆ సన్నటి కీచు ఆమెకు పాటలా వినిపించింది. ఇక అతన్ని ఎక్కడికీ పంపక్కర్లేదు. అతనికి ఎలా చెప్పాలో ఒకటికి రెండుసార్లు మనసులో అనుకుంది. ముందు తిడతాడు. నాలుగు రోజులు నన్ను ఎండబెట్టింది మీ గుడ్డలు ఉతికే ఆడదా అంటాడు. ఆ తరవాత నవ్వుతాడు. నవ్వుతుంటే మడమ కింద చేయి పెట్టి, మెల్లగా, బొటనవేలితో గుండ్రంగా రాస్తుంది. కిటికీ అద్దాల అవతల వెలుతురు తగ్గింది. ఎవరో దీపాలు వేశారు. ఆమె ట్రే తరవాత ట్రే నింపింది. ఒక్కటీ జారలేదు.

దారిలో రొట్టెల కొట్లో గసగసాల కేకు ఒక ముక్క కట్టించుకుంది. అతనికి ఇష్టం. కొట్టామె చేతికిస్తుంటే జంకు లేకుండా వట్టి చేతులతోనే అందుకుంది. కాగితానికి అంటిన వెన్నని బొటనవేలి చీలికకి రుద్దుకుంది. చురుక్కుమంది, ఆ తరవాత హాయిగా ఉంది.

వాగు దాటి ఎత్తు ఎక్కింది. పలకరాతి గోడల మీద చీకటి దిగుతోంది. సందు మలుపు తిరిగాక వాళ్ల ఇల్లు కనబడింది. పడకగది కిటికీ తెరిచి ఉంది.

ఒళ్లు మండింది ఆమెకు. ఇంత చలిలో కిటికీ ఎవరు తీశారు, ఆయన అసలే కప్పుకోలేడు, ఈ హన్నెలోరకి ఎన్నిసార్లు చెప్పాలి. గాలి మార్చడానికి ఒక రెక్క కాస్త తీస్తే చాలదా. నాలుగు అడుగులు గబగబా వేసింది. అప్పుడు చూసింది. రెండు రెక్కలూ గోడకి ఆనేలా తెరిచి ఉన్నాయి. తెర పక్కకి తీసి ముడి వేసి ఉంది.

ఆమె నడక నెమ్మదించింది. ఇక తొందరేమీ లేనట్టు, జారకుండా అడుగు చూసుకుంటూ వెళ్లింది.

హన్నెలోర, సన్నటి మనిషి, చలికి కోటు తొడుక్కునే మంచం పక్క కుర్చీలో కూర్చుని ఉంది. గోడ గడియారం ఆగి ఉంది. హార్ట్‌మూట్ వెల్లకిలా పడుకుని ఉన్నాడు. గడ్డం కింద చుట్టిన తువ్వాలు పెట్టి ఉంది. జారిన నోరు ఇప్పుడు రెండు వైపులా సమంగా ఉంది.

"దీపాలు పెట్టే వేళకి," అంది హన్నెలోర. "టీ తెచ్చేసరికి అయిపోయింది. ఒక్క మూలుగు లేదు. నీకు ఫోన్ చేద్దామా అనుకున్నా. ఎలాగూ వచ్చేస్తూ ఉంటావు కదా అని."

"ఒక గంట ఎక్కువ కూర్చోమన్నారు."

"అవునా."

కేకు పొట్లం ఎక్కడ పెట్టాలో తెలియక రోస్‌విత చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"పొద్దున నేను రాగానే మలాం డబ్బా మూత తీసిపెట్టమన్నాడు," అంది హన్నెలోర. "రాస్తానన్నా. వద్దన్నాడు. నువ్వు వంటింట్లోకి పో, నాకు చేయి లేదా అన్నాడు. ఆయన సంగతి నీకు తెలుసుగా."

"తెలుసు."

"నే పోయి నీళ్లు కాచనా? ఒళ్లు తుడవాలి."

"కాచు."

హన్నెలోర వెళ్లాక రోస్‌విత దుప్పటి ఒక పక్క నుంచి పైకి ఎత్తింది. ఎడమ చేతి వేళ్లు జిడ్డుగా మెరుస్తున్నాయి. తుంటి మీద ఒక పూత, తొడ మీద పల్చగా ఇంకొకటి, మోకాలి దగ్గరికి వచ్చేసరికి ఏమీ లేదు. చేయి అంతకంటే అందలేదు. చచ్చిన కుడి చేతికి మాత్రం, మణికట్టు నుంచి వేళ్ల చివర్ల దాకా, సందు సందుకీ రాసి ఉంది. మడమలు ఎండిపోయి ఉన్నాయి. కుడి మడమ మీద చర్మం తెరుచుకుని ఉంది.

రోస్‌విత మంచం అంచున కూర్చుని, ఆ మడమను వట్టి అరచేతిలోకి తీసుకుంది. ఇంకా పూర్తిగా చల్లబడలేదు. మలాం కోసం రెండో చేయి స్టూలు వైపు చాచి, డబ్బా అంచు దాకా తీసుకెళ్లి, అక్కడే ఆపేసింది.

మూత పక్కన పడి ఉంది. తెరిచిన కిటికీలోంచి చలిగాలి దాని మీద నుంచే లోపలికి వస్తోంది. నున్నటి పసుపు మలాంలో మూడు వేళ్ల చాళ్లు, ఆ అంచు నుంచి ఈ అంచు దాకా రాకుండా మధ్యలోనే ఆగి, గట్టిపడుతున్నాయి.